ఊడిన గుండీ

ఆ వీధిలో తెల్లవారిందనడానికి గుర్తు కుట్టుమిషను చప్పుడు. ఏడు కొట్టేసరికి మూలమీది ఇంటి ముందుగదిలో మిషను టకటకా మొదలయ్యేది. అది విని జనం పాలు పొయ్యిమీద పెట్టుకునేవారు, పిల్లల్ని దుప్పట్లలోంచి లాగేవారు. ఆ మిషను తొక్కే ఆవిడకి అమ్మానాన్నలు పెట్టిన పేరొకటి ఉంది గానీ అది కాగితాలకే పరిమితం. ఊరందరికీ ఆవిడ మిషనమ్మ.

ఈమధ్య మాత్రం ఆ చప్పుడు మునుపటిలా సాగడం లేదు. నాలుగు కుట్లు పడడం, ఆగడం. మళ్ళీ నాలుగు కుట్లు, మళ్ళీ ఆగడం. మిషను పక్కనే, ఖాళీ అయిన పెద్ద దారపుకండెకి గాడి కోసి చేసిన స్టాండులో ఫోను నిలబడి ఉంటుంది. నాలుగు కుట్లకోసారి దాని మొహం చూడకపోతే మిషనమ్మకి ఊపిరాడదు.

ఆ ఉదయం టికెట్ల ఆఫీసు గుమాస్తా చొక్కాకి చేతులు అతికి, పైకెత్తి చూసుకుని నాలిక కరుచుకుంది. రెండూ ఎడమచేతులే.

"బాగుంది," అంది గుమ్మం దగ్గర కూర్చుని చిక్కుపడిన దారాలు విడదీస్తున్న అత్తగారు. "ఆయన్నే కుడిచెయ్యి తీయించుకుని ఎడమది పెట్టించుకు రమ్మందాం."

"ఏదో పరధ్యానంలో ఉన్నాను అత్తయ్యా."

"పరధ్యానం కాదమ్మాయ్, ఫోనుధ్యానం."

అత్తగారి మాటలకి ఎదురుచెప్పి గెలిచినవాళ్ళు ఆ వీధిలో లేరు. పైగా అప్పుడావిడ మనసు చొక్కామీద లేదు. నిన్న సాయంత్రం పెట్టిన వీడియోని తెల్లారేసరికి రెండువందల మంది కూడా చూడలేదు. ఎవరో కవలపిల్లల తల్లి పెట్టిన వీడియోని మాత్రం రెండు లక్షలమంది చూశారు. ఆ పిల్లలు చేసిందల్లా ఒకే గ్లాసులో రెండు మూతులు పెట్టడం. దానికే అంత గోలా అని కడుపు రగిలిపోతోంది. సరిగ్గా నిద్రపట్టి ఎన్నాళ్ళయిందో ఆవిడకే గుర్తులేదు.

ఇదంతా ఏడేళ్ళ కిందట ఒక మాటతో మొదలైంది.

మిషనమ్మకి ఒక్కతే కూతురు. మాటలు వచ్చిన నాటినుంచీ నోరు మూసి ఎరగదని నాయనమ్మ పిచ్చుక అని పేరు పెట్టింది. ఆరేళ్ళప్పుడు ఒక పొద్దున పిచ్చుక చొక్కా ముందరి అంచులు రెండు చేతులా పట్టుకుని పరిగెత్తుకొచ్చి, "అమ్మా, నా గుండె ఊడిపోయింది, కుట్టి పెట్టవా?" అంది. గుండీ అనబోయి గుండె అంది. మిషనమ్మ కడుపు పట్టుకుని నవ్వి, ఆ మాట ఫోనులోకి ఎక్కించి పదిమందీ చూసేచోట పెట్టింది. వారం తిరిగేసరికి లక్షలమంది చూశారు. ముక్కూమొహం తెలియనివాళ్ళు భలే అన్నారు, బంగారం అన్నారు.

ఆ భలే అన్న మాటే ఆవిణ్ణి కట్టిపడేసింది. అప్పటికి ఎన్నో ఏళ్ళుగా ఆ గదిలో ఒంటరిగా మిషను తొక్కుతోంది. కుట్టు బాగుంటే వేసుకుని చక్కా పోతారు, చంక బిగుతైతే మాత్రం గుమ్మంలో నిలబడి అరుస్తారు. పనిమంతురాలివని ఒక్కరూ అన్న పాపాన పోలేదు. అలాంటి మనిషిని లక్షమంది మెచ్చుకుంటే తల తిరగదూ? 'మిషనమ్మ కబుర్లు' అని ఒక పేజీ తెరిచింది. పిచ్చుక తిన్నా, తుమ్మినా, పన్నూడినా అందులో పెట్టింది.

ఇప్పుడు పిచ్చుకకి పదమూడేళ్ళు. పేరుకే పిచ్చుక, ఇంట్లో దాని మాట వినబడి చాన్నాళ్ళయింది. ఈడొచ్చిన పిల్లలంతా అంతేలే అని తల్లి సరిపెట్టుకుంది.

అటూ ఇటూ తిరగేసిన ఎడమచేతిని విప్పుతూ తలెత్తేసరికి కూతురు బడిసంచీ తగిలించుకుని గుమ్మం వైపు పోతోంది. చొక్కా మీదనుంచి రెండో గుండీ ఉండాల్సిన చోట పిన్నీసు మెరిసింది.

"ఆగవే! ఏమిటా పిన్నీసు? మిషనమ్మ కూతురి చొక్కాకి పిన్నీసా? నలుగురూ చూస్తే నా మొహాన ఉమ్మెయ్యరూ?"

"ఊడిపోయింది."

"ఏం ఊడిపోయింది?" అంటూనే మిషనమ్మ చెయ్యి ఫోను మీదికి పోయింది.

పిచ్చుక ఆ చేతినే చూసింది. "అదే. గుండ్రంగా ఉండేది."

"గుండ్రంగా ఉండేదాన్ని ఏమంటారో? ఏడేళ్ళ కిందట చెప్పావుగా! ఒక్కసారి అనవే, మా అమ్మవి కదూ. అప్పటి పాప ఇప్పుడిలా ఉందంటే జనం ఎగబడి చూస్తారు."

"బడికి టైమవుతోందమ్మా."

"అరనిమిషం పనే. అనెయ్, గుండీ కుట్టి పంపిస్తా."

పిచ్చుక మొహం ఎర్రబడింది. పిన్నీసుని అరచేత్తో కప్పుకుని గబగబా మెట్లు దిగిపోయింది. అది అనకపోయినా ఫోను అంతా పట్టేసిందని మిషనమ్మకి తెలుసు. పాత వీడియో ముందు, ఇవాళ్టిది వెనక అతికించి, 'మా పాప గుండె మళ్ళీ ఊడిందండోయ్!' అని రాసి వదిలింది. మనసులో ఎక్కడో చిన్న ముల్లు కదిలింది. సాయంత్రం దానికిష్టమైనది వండిపెడితే సరి అనుకుంది.

పదిన్నరకల్లా అంకె పరుగందుకుంది. వేలు దాటింది. మిషనమ్మ మిషను ఆపేసింది. పదకొండు దాటాక ఫోను మోగి, అంకెల మీద 'బడి' అన్న పేరు పడింది. యూనిఫారాల సంగతో, మీటింగుల సంగతో అయ్యుంటుంది, తర్వాత మాట్లాడొచ్చు అనుకుని నొక్కేసింది. ఐదు నిమిషాలకి మళ్ళీ మోగింది. మళ్ళీ నొక్కింది. మూడోసారి, "అబ్బ, వీళ్ళొకరు," అని విసుక్కుంటూ నొక్కింది. అత్తగారు దారాల్లోంచి తలెత్తి చూసి, మళ్ళీ దించుకుంది.

రెండింటికి వాకిట్లో బండి ఆగింది. భర్త దిగాడు. లిఫ్టులు బాగుచేసే మెకానిక్ ఆయన. పని మధ్యలో ఏనాడూ ఇంటికి రాడు. ఆయన వెనకే పిచ్చుక దిగింది. కళ్ళు ఉబ్బిపోయి ఉన్నాయి.

"ఏమైందండీ? దెబ్బ తగిలిందా? ఏమైందే తల్లీ?"

పిచ్చుక గోడకానుకుని నిలబడింది. మెకానిక్ ముందు మంచినీళ్ళు తాగాడు. కోపం వచ్చినా గట్టిగా మాట్లాడడం రాని మనిషి. ఆ రోజు గ్లాసుని బల్లమీద ఠపీమని పెట్టాడు.

"బడి నుంచి నీకు మూడుసార్లు చేశారట."

"నాకు వినపడ…" అంటూ మిషనమ్మ అత్తగారి వైపు చూసింది. ముసలావిడ చేతిలో దారం వంకే చూస్తోంది. అబద్ధం గొంతులోనే ఆగిపోయింది. "వినపడింది. నేనే కట్ చేశాను."

"ఎందుకు?"

మిషనమ్మ స్టాండులోని ఫోనుని తీసి బల్లమీద బోర్లించింది.

మెకానిక్ చెప్పాడు. సైన్సు క్లాసులో గుండె పాఠం. టీచరమ్మ పిచ్చుకని లేచి చదవమంది. గుండెకి నాలుగు గదులుంటాయి అని చదివిందో లేదో, వెనక బెంచీలోంచి ఎవరో "ఊడిపోయిందా?" అన్నారు. పొద్దుటి వీడియో ఎవరో చాటుగా తెచ్చుకున్న ఫోనులోంచి అప్పటికే సగం క్లాసుకి పాకింది. ఒకరి నవ్వు చూసి ఒకరు, క్లాసు క్లాసంతా నవ్వింది. పిల్ల పుస్తకం మూసి బయటికి నడిచి, ఆటసామాను దాచే గదిలో దూరి గడియ పెట్టుకుంది.

"పన్నెండో అంతస్తులో లిఫ్టు పైకెక్కి ఉన్నాను, ఫోనొచ్చింది. ఎలా దిగానో నాకే తెలీదు. తలుపు బయట కూర్చుని బతిమాలితే లోపల్నించి ఏమందో తెలుసా?" ఆయన చొక్కా జేబు తడుముకున్నాడు. "ఫోను జేబులో ఉంటే దూరంగా పెట్టి రా నాన్నా, అప్పుడు తీస్తాను అంది. నేను కూడా వీడియో తీసేస్తాననుకుంది. కన్నతండ్రిని."

మిషనమ్మకి ఏడుపూ, ఉక్రోషమూ కలిసి వచ్చాయి. తప్పు చేసిన మనిషికి ముందు వచ్చేది ఉక్రోషమే.

"నేనేమైనా దాని చెడు కోరి చేశానా? లోకంలో పిల్లల వీడియోలు పెట్టని తల్లి ఎవరు? ఆ మాట నేను కల్పించానా? ముద్దుగా తనే అంది!"

"మొదటిసారి నేనే అన్నాను," అంది పిచ్చుక.

ఆ గొంతు విని ముగ్గురూ తలెత్తారు. అది తనంతట తాను నోరు విప్పి ఎన్నాళ్ళో అయింది.

"మొదటిసారి నేనే అన్నాను. నువ్వు నవ్వావు. ఎందుకు నవ్వావో నాకు తెలీలేదు. దాన్ని గుండీ అంటారే పిచ్చిదానా అని నాయనమ్మ చెప్పింది. తర్వాత నువ్వు ఫోను తెచ్చి మళ్ళీ అనమన్నావు. నేను సరిగ్గానే అన్నాను. నువ్వే కాదన్నావు. తప్పుగా అనమన్నావు. పదకొండుసార్లు అనిపించావు."

"అబద్ధాలాడకే. నేనెందుకలా…"

"నీ పాత ఫోనులో ఉంటాయి, చూసుకో." పిచ్చుక సంచీ కింద పడేసింది. "అంతా అయ్యాక గుండీ కుట్టావా? కుట్టలేదు. ఆ రోజు బడిలో సాయంత్రం దాకా చొక్కా చేత్తో పట్టుకునే కూర్చున్నాను. అప్పట్నించీ నాకు నేనే పిన్నీసు పెట్టుకుంటున్నాను. నువ్వు ఇవాళ చూశావు."

అది గదిలోకి వెళ్ళి తలుపు వేసుకుంది. గడియ చప్పుడు చిన్నదే.

పాత ఫోను గుండీల డబ్బా అడుగున ఉంది. మిషనమ్మ డబ్బా బోర్లించింది. రంగురంగుల గుండీలు గదంతా దొర్లాయి. ఛార్జింగు పెట్టి అది కళ్ళు తెరిచేదాకా నేలమీదే కూర్చుంది. అబద్ధమైతే బాగుండునని ఉన్న దేవుళ్ళందరికీ మొక్కింది.

పదకొండు ముక్కలున్నాయి. లక్షలమంది చూసింది వాటిల్లో ఆఖరిది. మిగతా పదీ ఎవరూ చూడలేదు, ఆవిడతో సహా.

మొదటిదాంట్లో ఆరేళ్ళ పిచ్చుక, కొత్తగా నేర్చుకున్న మాట ఒప్పజెప్పే ఉత్సాహంతో, "అమ్మా, నా గుండీ ఊడిపోయింది!" అంది. వెనక నుంచి ఒక ఆడమనిషి గొంతు: "గుండీ కాదు తల్లీ, గుండె అను. ఇందాక అన్నావు చూడు, అలా." పిల్ల అయోమయంగా చూసింది. "గుండీ కదా అమ్మా? నాయనమ్మ చెప్పింది." "నేను చెప్తున్నాగా, గుండె అను." నాలుగోదాంట్లో పిల్ల కళ్ళు నలుపుకుంటోంది. ఏడోదాంట్లో, "అమ్మా, చలేస్తోంది," అంది. "ఒక్కసారి, ఒక్కటంటే ఒక్కసారి, నవ్వుతూ అను," అంది ఆ గొంతు. ఆ తియ్యటి గొంతు తనదేనని ఒప్పుకోడానికి మిషనమ్మ దాన్ని రెండుసార్లు వినాల్సి వచ్చింది.

పదకొండోది. పిల్ల చక్కగా నవ్వుతూ తప్పు చెప్పింది. "వచ్చేసింది!" అన్న కేక. ఫోను పక్కకి ఒరిగి నేలా, పిల్ల పాదాలూ కనిపించాయి. లోకానికి చూపించేటప్పుడు మిషనమ్మ కత్తిరించిన ముక్క అక్కణ్ణించే. పాదాలు కదలకుండా అక్కడే నిలబడ్డాయి. పైనుంచి సన్నగా ఒక మాట వినిపించింది.

"మరి గుండీ?"

అంతటితో అయిపోయింది.

మిషనమ్మ కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. ఏడేళ్ళ కిందట అడిగిన ప్రశ్న. పక్కన డబ్బానిండా గుండీలు, చేతిలో సూది, కళ్ళెదుట పిల్ల. ఒక్క నిమిషం పని. ఆ నిమిషం ఎటు పోయింది?

అత్తగారు నేలమీద పాకుతూ గుండీలు ఏరింది. "నిన్నొక్కదాన్నే అనుకోకే అమ్మాయ్. నేనూ నవ్వాను. వచ్చినవాళ్ళందరి ముందరా దాన్ని నిలబెట్టి అనిపించాను."

"నా ఫోను మోగితే అదే మాట వచ్చేట్టు పెట్టుకున్నాను," అన్నాడు మెకానిక్ కిటికీ వైపు తిరిగి. "రెండేళ్ళు."

మిషనమ్మ తన పేజీలోంచి కూతురి వీడియోలు ఒక్కొక్కటే తీసేసింది. మూడువందల పైచిలుకు. ప్రతిసారీ ఫోను 'నిజంగానే తీసెయ్యాలా?' అని అడిగింది. తీసెయ్యమంది. కానీ ఆ గుండె మాట అప్పటికే ఎవరెవరి గూళ్ళలోనో చేరింది. ఒకడు దానికి పాట కట్టాడు, ఒకడు కుక్కపిల్ల మూతికి ఆ గొంతు అతికించాడు. వాటిని తీసే తాళం ఆవిడ చేతిలో లేదు. పెదవి దాటితే పృథివి దాటుతుందని ఊరికే అనలేదు పెద్దలు.

తలుపు సందులోంచి, "తప్పయిపోయిందే తల్లీ," అంది. లోపల్నించి, "సరేలే అమ్మా," అని వచ్చింది. ఆ సరేలే తిట్టుకన్నా ఎక్కువగా తగిలింది.

మర్నాటి నుంచి ఫోను గుండీల డబ్బాలోకి వెళ్ళింది. పొద్దుటి నుంచి సాయంత్రం బండి చప్పుడయ్యేదాకా మూత తియ్యకూడదు. బడి నుంచి పిలుపు వస్తే తెలియాలి కాబట్టి ఆ ఒక్క నంబరుకే మోగేలా భర్త చేత పెట్టించింది. తీసిన తర్వాత కూడా ఒక్క అరగంటే, అదీ అత్తగారి కాపలాలో.

చెప్పినంత తేలిక కాలేదు. నాలుగు కుట్లు పడగానే మెడ దానంతటదే ఖాళీ స్టాండు వైపు తిరిగేది. చేతులు పిసుక్కునేది. ఏదో జరిగిపోతోందని, తను లేకుండా లోకమంతా ఎక్కడికో వెళ్ళిపోతోందని దడ పుట్టేది. రెండోరోజు అత్తగారు స్నానానికి వెళ్ళింది చూసి మూత తీసింది కూడా. "గుండీలు లెక్కపెడుతున్నావా అమ్మాయ్?" అని స్నానాలగది లోంచే కేక వచ్చింది. సిగ్గుపడి మూసేసింది. ఐదోరోజుకి నిద్రపట్టింది. ఆరోరోజు కుట్టిన చొక్కాకి ఒకటి కుడిచెయ్యి, ఒకటి ఎడమచెయ్యి. మిషను చప్పుడు ఆగకుండా సాగేసరికి, ఒంట్లో బాగైందా అని పక్కింటావిడ అడిగింది.

పిచ్చుక మాత్రం మాట్లాడలేదు. తినేది, చదువుకునేది, పిలిస్తే పలికేది. చొక్కాకి పిన్నీసు అలాగే ఉంది. అడక్కుండా దాని బట్టలు ముట్టుకునే ధైర్యం తల్లికి చాలలేదు. పోనీ గుండీ కుట్టనా అని అడుగుదామంటే, ఆ మాట దాని ముందు అనడానికి ఆవిడకీ నోరు రాలేదు.

తొమ్మిదోరోజు పొద్దున మిషనుకి నూనె వేసి, తుడవడానికి పేలికల సంచీలో చెయ్యి పెట్టింది. చేతికొచ్చిన గుడ్డ మెత్తగా ఉంది. తుడవబోయి ఆగింది. దానికి బుల్లి కాలరుంది. తెల్లచొక్కా, తనే కుట్టినది. ఏళ్ళ తరబడి నూనె మరకలు పడి నల్లబడిపోయింది. మూడు గుండీలున్నాయి. పైనుంచి రెండోచోట తెగిన దారపుకొసలు రెండు ఇంకా నిక్కి చూస్తున్నాయి.

ఇన్నాళ్ళూ మిషను తుడిచింది దీంతోనే.

మిషనమ్మ చిన్న తెల్ల గుండీ ఒకటి ఏరింది. సూదిలో దారం ఎక్కించడానికి మూడుసార్లు పట్టింది, కళ్ళు ఆనలేదు. నూనె మరక మీదే నాలుగు రంధ్రాల్లోంచీ దారం తీసి, అడుగున చుట్టి, ముడి వేసింది. తలెత్తితే ఎదురుగా పిచ్చుక, బడిసంచీతో. ఎప్పుడొచ్చి నిలబడిందో.

"అది నాకిప్పుడు పట్టదమ్మా," అంది.

"తెలుసు తల్లీ."

"మరెందుకు కుడుతున్నావు?"

"నువ్వు అడిగావుగా, మరి గుండీ అని. నేను వినిపించుకోలేదు."

పిచ్చుక చాలాసేపు ఆ బుల్లిచొక్కా వంకే చూసింది. తర్వాత సంచీ దించి, దగ్గరికొచ్చి, తన చొక్కాకున్న పిన్నీసు తీసి బల్లమీద పెట్టింది.

"ఇది పడుతుంది," అంది. "దీనికి కుట్టు. గుండీ."

మిషనమ్మ మోకాళ్ళ మీద కూర్చుంది. పిల్ల ఎంత పొడుగైందో అప్పుడు తెలిసింది. తన తల దాని భుజం దాకా కూడా రావడం లేదు. సూది ఎక్కడ గుచ్చుకుంటుందోనని నెమ్మదిగా, ఊపిరి బిగబట్టి కుట్టింది. దారం కొరకడానికి వంగితే చెవి దాని ఛాతీకి ఆనింది. లోపల టకటకా గుండె కొట్టుకుంటోంది. కత్తెర పక్కనే ఉన్నా ఆవిడ దాని కోసం చూడలేదు. దారం కొరకడానికి కాస్త ఎక్కువసేపే పట్టింది.

"ఏడిస్తే చొక్కా తడుస్తుందమ్మా," అంది పిచ్చుక.

"మీ అమ్మ అంతేనే, కుట్టేది తక్కువ, తడిపేది ఎక్కువ," అంది గుమ్మం దగ్గర నుంచి నాయనమ్మ, ముక్కు చీదుకుంటూ.

పిచ్చుక పెదవి చివర చిన్న నవ్వు వచ్చి పోయింది. సంచీ భుజానికి తగిలించుకుని గుమ్మందాకా వెళ్ళి, ఆగి, వెనక్కి తిరిగింది. ముందు మిషను పక్కనున్న స్టాండు వంక చూసింది. ఖాళీగా ఉంది. తర్వాత తల్లి చేతుల వంక చూసింది. వాటిల్లో సూదీ దారం తప్ప ఏమీ లేదు. ఆ చూపు ఇంకెన్నేళ్ళు పోదో మిషనమ్మకి తెలియదు.

"అమ్మా, నిన్న క్లాసులో ఏమైందో తెలుసా?" అంది పిచ్చుక.

"తెలీదమ్మా," అంది మిషనమ్మ. "చెప్పు."